మైనం మీద బొటనవేలు

మా పత్రిక పేరు 'ఎర్ర వెన్ను'. పత్రిక అనగానే పెద్ద ఆఫీసు, మోగే టెలిఫోన్లు ఊహించుకోకండి. మూడు నెలలకోసారి, సిడ్నీకి ఉత్తరాన న్యూకాసిల్‌లో మా ఇంటి వెనక షెడ్డులో కూర్చుని నేనే స్టెన్సిల్ కోసి, సైక్లోస్టైల్ మిషను తిప్పి, ఇరవై పేజీలకి పిన్ను కొట్టి పోస్టులో వేసేవాణ్ణి. చదివేవాళ్ళు అరవై నలుగురు. అందరూ నాలాంటి పిచ్చివాళ్ళే. యుద్ధం అయ్యాక సిడ్నీలో వారానికి డజను చొప్పున అచ్చేసి రైల్వే స్టేషన్లలో అమ్మారే, ఆ చవకబారు సాహస నవలలని ఏరుకునే జనం. అట్ట మీద సొరచేపో, పిస్తోలో, చిరిగిన బట్టల ఆడపిల్లో ఉంటుంది. లోపల తొంభై ఆరు పేజీల నాసిరకం కాగితం. వాటిని శ్రద్ధగా చదివి, ఎవరికీ తెలియని రచయితలని వెతికి పట్టుకుని, నాలుగు మాటలు రాయడం నా సరదా. పగలు రైల్వే పార్సిల్ ఆఫీసులో గుమాస్తాని.

"రాసినవాడు మూడు రోజుల్లో రాసిపారేశాడు. నువ్వు మూడు వారాల నించీ దాని మీద సమీక్ష రాస్తున్నావు. మీ ఇద్దర్లో తెలివైనవాడు ఎవడు మెర్వ్?" అనేది నా భార్య నోలీన్. అంటూనే టీ తెచ్చి షెడ్డులో పెట్టేది.

మా బృందంలో ఒక పోటీ ఉంది. ఆ నవలలు రాసినవాళ్ళెవరూ సొంత పేరు పెట్టుకోలేదు. అన్నీ కలం పేర్లే. కౌబాయ్ కథలు రాసింది ఓ బడిపంతులు కావచ్చు, గూఢచారి కథలు రాసింది చర్చి ఫాదరు కావచ్చు. ఆ పేరు వెనకున్న మనిషిని కనిపెట్టి అచ్చువేయడాన్ని మేము ముసుగు తీయడం అంటాం. ముసుగు తీసినవాడికి మా దగ్గర ఉండే గౌరవం ఇంకెవరికీ లేదు. బెండిగోలో ఒక పళ్ళ డాక్టరు ముగ్గురి ముసుగులు తీశాడు. ఆ సంగతి ప్రతి ఉత్తరంలోనూ గుర్తుచేసి నా కడుపు మండించేవాడు. పద్నాలుగేళ్ళు పత్రిక నడిపీ నేను ఒక్కటీ తీయలేదు.

అలాంటి రోజుల్లో, 1979 ఏప్రిల్‌లో, మెయిట్లండ్ చర్చి వాళ్ళు పాత సామాన్లు అమ్ముతుంటే ఓ ఆపిల్ పెట్టె నిండా పుస్తకాలు దొరికాయి. అందులో పది, రెక్స్ కోబర్న్ అనేవాడు రాసినవి. ఆ పేరు నేనే వినలేదంటే ఇంకెవరూ విని ఉండరు. వెనక అట్ట మీది జాబితా ప్రకారం మొత్తం పదకొండు. తొమ్మిదో నంబరు ఒక్కటి లేదు.

ఆ పదీ పది రోజుల్లో చదివాను. నిజం చెప్తున్నాను, చదువుతుంటే పక్కన టీ చల్లారిపోయేది. పగడపు సముద్రం, ముత్యాల పడవలు, తుఫాన్లు అందరూ రాసినవే. ఇతను రాస్తే మాత్రం ఇంట్లో కూర్చున్నవాడికి కాలికింద పడవ కదిలేది. భయం రాయడంలో అతన్ని మించినవాడు లేడు. గదిలో ఎవరో ఉన్నారని తెలిసీ వెనక్కి తిరగలేని మనిషి భయం, అడుగుల చప్పుడు బట్టి వచ్చేవాడు ఎంత తాగాడో లెక్కగట్టే మనిషి భయం. సాహస నవలలో అలాంటిది ఉండదు.

లోపం ఒక్కటే. పదింటిలోనూ ఒకే విలన్. పేర్లు మారతాయి, ఓడలు మారతాయి, మనిషి మాత్రం అతనే. పెద్దగా అరవడు, మర్యాదగా మాట్లాడతాడు. ఎవర్నైనా హింసించబోయే ముందు అక్కడ ఉన్న వస్తువులన్నీ పురికొసతో పొందికగా కట్టలు కడతాడు. ముడి మీద కరిగిన కొవ్వొత్తి మైనం పోసి, వేడి మైనాన్ని ఉత్త బొటనవేలితో నొక్కుతాడు. చురుక్కుమన్నా మొహం మారదు. ఆ బొటనవేలికి అడ్డంగా పాత గాటు. మైనం మీద ముద్ర రెండు ముక్కలుగా పడుతుంది.

నా సమీక్షలో రాశాను: "కోబర్న్‌కి సముద్రం తెలుసు, భయం తెలుసు. విలన్లే తెలియదు. ఆ పురికొస, ఆ కొవ్వొత్తి, ఆ గాటుపడ్డ బొటనవేలు ప్రతి పుస్తకంలోనూ మోసుకొస్తాడు. ఇంకో దుర్మార్గుణ్ణి ఊహించలేకపోయాడా? ఈ ఒక్క విషయంలో రచయితకి సొంత ఊహ శూన్యం." రాసి, ఆ వాక్యం నాకే ఎంతో నచ్చి, నోలీన్‌కి చదివి వినిపించబోయాను. ఆమె కూరలు తరుగుతోంది. "విలన్ల గొడవ నాకొద్దు బాబూ, ఉల్లిపాయలు చాలు ఏడవడానికి" అంది.

ముసుగు తీయాలన్న కోరిక నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. ఆ నవలలు వేసిన సంస్థ ఎప్పుడో మూతపడింది. దానికి ఎడిటరుగా చేసిన వాలీ ప్రిడో అనే ముసలాయన సిడ్నీలో మారిక్‌విల్‌లో ఉన్నాడని తెలిసి వెళ్ళాను. చేతిలో బీరు, ఒళ్ళో పిల్లి.

"కోబర్నా? వాణ్ణెప్పుడూ చూళ్ళేదు" అన్నాడు. "టైపు చేసిన కట్ట టాస్మేనియా నించి పోస్టులో వచ్చేది. హ్యూఅన్ లోయ. ఆపిల్ తోటలుంటాయే, అక్కణ్ణించి. తప్పులే ఉండేవి కావు. మా తాగుబోతు రచయితల మధ్య దేవుడిలాంటివాడు."

"పంపేవాళ్ళ పేరు?"

"విదర్స్. మిస్ ఓలివ్ విదర్స్. టైపు చేసిపెట్టే అమ్మాయేమో అనుకున్నాం." పిల్లిని నిమిరాడు. "ఒకటి మాత్రం గుర్తుంది. రచయిత ఫొటో ఒకటి పంపమని రాస్తే, ఇంకోసారి అడిగితే రాయడం మానేస్తానని జవాబొచ్చింది. కొందరు దాక్కోడానికి ఏదో కారణం ఉంటుంది నాయనా. కెలక్కు."

కెలికాను. ఆయన దగ్గరే పాత అడ్రసు అడిగి తీసుకుని మిస్ విదర్స్‌కి ఉత్తరం రాశాను. పన్నెండు రోజులకి జవాబు. రెండే వాక్యాలు. "నేను రెక్స్ కోబర్న్ కాను. నా పేరు గానీ, ఊరి పేరు గానీ ఎక్కడా అచ్చు వేయవద్దని బతిమాలుకుంటున్నాను."

బుద్ధున్నవాడైతే ఆ రెండో వాక్యం దగ్గర ఆగేవాడు. నేను దాన్ని సాక్ష్యం అనుకున్నాను. కోబర్న్ కాని మనిషికి బతిమాలుకోవలసిన పనేమిటి? అంటే కోబర్న్ ఈవిడే! ముత్యాల పడవల మొనగాడు హ్యూఅన్ లోయలో ఆపిల్ తోటల మధ్య ఉండే ఓ పెళ్ళికాని ఆడమనిషి! షెడ్డులో ఒక్కణ్ణే గంతులేశాను. జూన్ సంచికలో సమీక్ష పక్కనే ఆవిడ పేరు, లోయ పేరు, ఆవిడ రాసిన ఆ రెండు వాక్యాలూ వేశాను. ఒక ప్రతి ఆవిడకే పంపాను. నా మీద నాకున్న మోజు అంత. చాలక ఇంకో ప్రతిని బ్రిస్బేన్‌లో ఒక వారపత్రికకి పంపితే, విలన్ గురించి నేను చేసిన వెక్కిరింతతో సహా సగం పేజీ వాళ్ళు తిరిగి వేశారు. బెండిగో పళ్ళ డాక్టరు ఒక్క మాట రాశాడు, "అభినందనలు" అని. పళ్ళు కొరుక్కుంటూ రాసి ఉంటాడు.

మూడు వారాలకి టౌన్స్‌విల్ నించి ఒక ఉత్తరం వచ్చింది. హెక్టర్ క్రాడాక్ అట. చెయ్యి తిరిగిన దస్తూరీ. నా సమీక్ష రెండుసార్లు చదివాడట. "విలన్ గురించి మీరు రాసింది నన్ను చాలా ఆకట్టుకుంది. ఇంత నిశితంగా చదివేవారు అరుదు" అన్నాడు. నాకు దొరకలేదని సమీక్షలో వాపోయిన తొమ్మిదో నంబరు తన దగ్గర ఉందట. మిస్ విదర్స్ గారి చేత దాని మీద సంతకం చేయించుకోవాలని కోరిక, అడ్రసు ఇప్పిస్తే పని కాగానే ఆ పుస్తకం నాకే బహుమతిగా పంపుతాడట.

మాలో అడ్రసులు ఇచ్చిపుచ్చుకోవడం మామూలే. సంతకాల కోసం అందరూ అడుగుతారు, అందరం ఇస్తాం. కాబట్టి తప్పనిపించలేదు అని చెప్పుకోవచ్చు. కానీ అసలు సంగతి, నాకు తొమ్మిదో నంబరు కావాలి. బతిమాలుకుంటున్నాను అన్న మనిషి ఇంటి నంబరు, వీధితో సహా రాసి, ఆ మధ్యాహ్నమే పోస్టులో వేశాను.

ఆగస్టులో ఒక మంగళవారం పార్సిల్ వచ్చింది.

ముప్ఫయ్యేళ్ళు పార్సిళ్ళతో బతికినవాణ్ణి, పురికొస కత్తిరించను. ముడి విప్పుతాను. ఎంత చక్కగా కట్టాడో అనుకుంటూ ముడి మీద వేలు పెట్టాను. గట్టిగా, నున్నగా ఏదో తగిలింది. తెల్లటి మైనం. దాని మీద బొటనవేలి ముద్ర. ముద్రకి అడ్డంగా గీత.

మొదట నవ్వొచ్చింది. ఎవడో అభిమాని, నవలలో లాగా కట్టి ఆటపట్టిస్తున్నాడు అనుకున్నాను. పుస్తకం తెరిచాను. తొమ్మిదో నంబరే. సంతకం లేదు. పేజీలు తిప్పుతుంటే పెన్సిలు గీతలు కనిపించాయి. బొటనవేలు అన్న మాట ఎక్కడొచ్చినా దాని కింద గీత. స్కేలు పెట్టి గీసినట్టు నిటారుగా. చివరి అధ్యాయంలో నాయిక తప్పించుకునే చోట మార్జిన్‌లో చిన్న అక్షరాలతో ఒక మాట: "అలా జరగలేదు."

నవ్వు ఆగిపోయింది. మైనాన్ని దీపం కింద పెట్టి చూశాను. గాటు నిజంది. వేలి చర్మపు గీతలు అక్కడికొచ్చి తెగి, పక్కకి జరిగి మళ్ళీ మొదలయ్యాయి. అలాంటిది ఎవడూ ఆటకి తయారుచెయ్యలేడు. చివరికి, అందరికంటే ముందు చూడాల్సిన నేను, పోస్టాఫీసు ముద్ర చూశాను. టౌన్స్‌విల్ కాదు. డెవన్‌పోర్ట్. ఓడ దిగే రేవు. అయిదు రోజుల కిందటికే అతను టాస్మేనియాలో ఉన్నాడు.

ఆవిడకి ఊహ లేదని రాశానే! ఆవిడ ఊహించింది సముద్రాన్ని, పడవల్ని, తుఫాన్లని. ఊహించనిది ఆ ఒక్కణ్ణే. అతని దగ్గర్నించి పారిపోయి, పేరు మార్చుకుని, ఆపిల్ తోటల్లో దాక్కుని, ఇంకెవరికీ చెప్పుకోలేక మొగవాడి పేరుతో పదకొండుసార్లు చెప్పుకుంది. ఇరవై ఏళ్ళకి పైగా అది ఎవరి కంటా పడలేదు. నేను దాన్నే ఏరి, వెక్కిరించి, ఊరి పేరుతో సహా అతని చేతిలో పెట్టాను. పుస్తకం అక్కడే పడేసి టెలిఫోన్ దగ్గరికి పరిగెత్తాను.

ఆవిడ ఇంటికి టెలిఫోన్ లేదు. మర్నాడు పోలీసు స్టేషన్‌కి వెళ్ళి సార్జెంటు ముందు పుస్తకం, మైనం ముద్ద పెట్టాను. ఆయన ఓపిగ్గానే విన్నాడు.

"అయితే కథలో దొంగ బయటికొచ్చాడంటారు" అన్నాడు.

"కథలోంచి రాలేదు సార్. అతను ముందు, కథ తర్వాత."

"ఎవర్నైనా కొట్టాడా? బెదిరించాడా? పుస్తకం బహుమతిగా పంపాడు, అదీ అనుకున్న మాట ప్రకారం. మా బావమరిది నా డ్రిల్లు పట్టుకెళ్ళి ఏడాదైంది, ఇంకా ఇవ్వలేదు. ఏమని కేసు రాయను టాల్బట్ గారూ?" చివరికి టాస్మేనియాలో హోబర్ట్ పోలీసులకి ఒక మాట చెప్తానన్నాడు. కాగితం మీద మాత్రం ఏమీ రాసుకోలేదు.

నోలీన్‌కి నిజం చెప్పలేకపోయాను. చెప్పాలంటే ముందు ఆ రెండో వాక్యం గురించి చెప్పాలి. ఆవిడ బతిమాలితే నేను అచ్చేశానని చెప్పాలి. తేలు కుట్టిన దొంగలా గమ్మునుండి, "కోబర్న్‌ని కలవాలి, రెండ్రోజుల్లో వచ్చేస్తా" అన్నాను.

"ఆవిడ కోసం విమానమెక్కుతున్నావన్నమాట!" అంది నోలీన్, చొక్కాలు మడతపెడుతూ. "పెళ్ళయి ఇరవై ఆరేళ్ళు, నన్ను టెరిగల్ బీచి దాకా తీసుకెళ్ళడానికి తీరిక లేదు మహానుభావుడికి. ఆవిడ పేరడిగితే మొహం ఎర్రబడుతోంది కూడాను."

"అలాంటిదేం లేదు నోల్."

"ఉంటే బాగుండేది. కాస్త చలాకీ వచ్చేది నీకు" అంది. మెడకి మఫ్లరు చుట్టి పంపింది.

గురువారం పొద్దున్న హ్యూఅన్ లోయలో దిగాను. నడి చలికాలం. ఆకులు రాలిన ఆపిల్ చెట్లు, వాటి మధ్య చెక్క ఇల్లు. తలుపు మూసి ఉంది. కొట్టాను. పేరు పెట్టి పిలిచాను. పక్క గేటు దగ్గర్నించి రబ్బరు బూట్లేసుకున్న ఒకావిడ వచ్చింది. థెల్మా పెర్కిన్స్ అని, పక్క తోట వాళ్ళావిడ.

"మీరూ ఓలివ్ కోసమేనా? ఇన్నేళ్ళూ పిట్ట కూడా వాలని ఇంటికి ఈ మధ్య ఒకటే చుట్టాలు" అంది.

"ఆవిడ..." అన్నాను, మూసిన తలుపు వైపు చూస్తూ.

"వెళ్ళిపోయింది. జూన్‌లోనే. ఏదో పోస్టొచ్చింది, మర్నాడు పొద్దున్నే కోళ్ళని నాకిచ్చేసి ఒక్క సూట్‌కేసుతో బస్సెక్కింది. ఎక్కడికే తల్లీ అంటే, 'మళ్ళీ మొదట్నించీ, థెల్మా' అంది. ఇరవై మూడేళ్ళు పక్కనున్నాం, ఎప్పుడూ ఒక్క కన్నీటి చుక్క చూళ్ళేదు. ఆ రోజు కోళ్ళ బుట్ట ఇస్తూ ఏడ్చేసింది పాపం."

జూన్‌లో వచ్చిన పోస్టు ఏమిటో నాకు తెలుసు. నేను మోజుపడి పంపిన ప్రతి. అదే ఆవిణ్ణి కాపాడింది. ఆ మాట తలుచుకుని కాసేపు ఊపిరి పీల్చుకున్నాను.

"మీకన్నా ముందొచ్చినాయన ఎంత మర్యాదస్తుడో!" అంది థెల్మా. "పోయిన వారం. పాతకాలం స్నేహితుడట. ఆవిడ లేదంటే కోపగించుకోలా. నా రాస్‌బెర్రీ కొమ్మలు పడిపోయుంటే అన్నీ కట్టలు కట్టిపెట్టాడు. ఎంత పొందిగ్గా కట్టాడో చూడండి."

చూశాను. కంచె పొడుగునా పురికొస కట్టలు. ప్రతి ముడి మీదా తెల్లటి చుక్క.

థెల్మా దగ్గర తాళం ఉంటే లోపలికి వెళ్ళాను. టైపు మిషను లేదు. పుస్తకాల అరలు ఖాళీ. వంటగది గోడకి మాత్రం ఒక కాగితం గుచ్చి ఉంది. ఏ రోజు ఎన్ని గంటలకి ఆటుపోట్లు వస్తాయో చెప్పే పట్టిక. టాస్మేనియాకి వాయవ్యాన ఉన్న కింగ్ ఐలండ్ అనే చిన్న దీవి రేవుది. జూన్ ఆఖరి వారంలో ఒక తేదీ చుట్టూ పెన్సిలు సున్నా.

నాకు వెంటనే వెలిగింది. కోబర్న్ నవలలన్నిటిలోనూ నాయిక చివరికి చేరేది ఒక దీవికే. గాలికి ఒంగిపోయిన చెట్లు, పాత ఓడల శిథిలాలు, పడమటి చివర దీపస్తంభం. పేరెప్పుడూ చెప్పదు. అది కింగ్ ఐలండ్. పదకొండూ చదివినవాడికి తప్ప ఇంకెవరికీ తట్టదు. సిగ్గులేకుండా చెప్తున్నాను, ఆ క్షణంలో కూడా నాకు గర్వం వేసింది. మరుక్షణం ఆ కాగితం పీకి జేబులో కుక్కుకున్నాను. క్రాడాక్ ఇది చూడలేదు. ఈ ఒక్క రహస్యమైనా నాతోనే ఉండాలి అనుకున్నాను.

ఆ సాయంత్రం విమానం లేదు. ఇంకో రోజు ఉంటానని చెప్పడానికి థెల్మా ఇంట్లోంచి మా ఇంటికి ఫోన్ చేశాను.

"ఎక్కడున్నావయ్యా మగడా?" అంది నోలీన్ హుషారుగా. "నీ స్నేహితుడు వచ్చి మూడు గంటలైంది. క్వీన్స్‌లండ్ నించట, పత్రిక మీది అడ్రసు చూసుకుని వచ్చాడు. నువ్వు లేవంటే పాపం, వచ్చేదాకా ఊరికే కూర్చోలేనన్నాడు. షెడ్డులో నీ పాత సంచికలన్నీ కట్టలు కట్టి పెడుతున్నాడు. పద్నాలుగేళ్ళ నించీ చెప్తున్నా, నువ్వు చేశావా? ఇందాక కొవ్వొత్తి ఉందా అనడిగితే వెలిగించి తెచ్చిచ్చాను."

"నోలీన్, విను. చెప్పులేసుకుని, ఏమీ మాట్లాడకుండా, ముందు తలుపులోంచి..."

"ఇదిగో, కట్టా కొవ్వొత్తీ పట్టుకుని ఆయనే వచ్చాడు. నీతో మాట్లాడతాడట."

ఫోన్ చేతులు మారింది. మెత్తటి గొంతు. రేడియోలో వ్యవసాయం గురించి చెప్పేవాళ్ళ గొంతులా ఉంది.

"టాల్బట్ గారూ, క్రాడాక్‌ని. పుస్తకం అందిందా?"

"అందింది."

"సంతకం లేనందుకు క్షమించాలి. ఆవిడ ఇంట్లో లేదు. మీరు మనుషుల్ని బాగా కనిపెడతారు, నాకంత చదువు లేదు. నేను ఇరవై ఎనిమిదేళ్ళు వెతికాను. మీరు మూడు నెలల్లో పట్టుకున్నారు. ఇప్పుడెక్కడుందంటారు?"

"నాకు తెలీదు."

"మీ ఆవిడ టీ బాగా పెడతారు" అన్నాడు. అంతే అన్నాడు.

జేబులో కాగితం మీద నా చెయ్యి ఉంది. థెల్మా గుమ్మంలో నిలబడి కోళ్ళ గింజల డబ్బాతో నన్నే చూస్తోంది. అబద్ధం చెప్పాలి. జీవితమంతా ఇతరుల కథల్లో తప్పులు పట్టినవాణ్ణి, ఒక్క కథ అల్లలేకపోయాను. నోటికి వచ్చిందొక్కటే.

"థర్స్‌డే ఐలండ్‌లో" అన్నాను. "ముత్యాల గోదాం వెనక, ఒక జపాన్ నావికుడి వితంతువు ఇంట్లో."

అటువైపు పురికొస బిగుస్తున్న చప్పుడు.

"అది నాలుగో నంబరులోది" అన్నాడు ఓపిగ్గా. "నేనూ చదివానండీ, అన్నీ. సొంత ఊహ శూన్యం అని మీరే రాశారు కదా."

అతని వెనకాల నోలీన్ గొంతు వినిపించింది. నవ్వుతూనే ఉంది. "అయ్యయ్యో! వేలు కాలదా మీకు?"

"కింగ్ ఐలండ్" అన్నాను. "దీపస్తంభం దగ్గర. వంటగదిలో అక్కడి ఆటుపోట్ల పట్టిక ఉంది."

"ఇది నిజం" అన్నాడు క్రాడాక్. "గొంతులో తెలుస్తుంది. మీ సమీక్షలు బాగుంటాయి, మానకండి." ఫోన్ పెట్టేశాడు.

ఆ తర్వాత నేను చేయగలిగినవన్నీ చేశాను. పక్కింటివాళ్ళకి ఫోన్ చేసి నోలీన్ దగ్గరికి పంపాను. అప్పటికే అతను టోపీ ఎత్తి నమస్కారం చేసి వెళ్ళిపోయాడట. ఆమెకేమీ కాలేదు. కింగ్ ఐలండ్ కానిస్టేబులుకి ఫోన్ చేసి అరిచాను, ఏడ్చాను. మా సార్జెంటు ఈసారి నవ్వలేదు. క్రాడాక్ ఆ దీవిలో దిగాడు. నాలుగు రోజులు ఇల్లిల్లూ తిరిగి మర్యాదగా అడిగాడు. ఓలివ్ విదర్స్ అనే మనిషి అక్కడెవరికీ తెలియదు. అతను చేసిన నేరమేదీ లేదు కనక అయిదో రోజు విమానమెక్కుతుంటే ఎవరూ ఆపలేదు. ఇప్పుడెక్కడున్నాడో ఎవరికీ తెలియదు.

నేను ఇంటికొచ్చేసరికి షెడ్డులో యాభై ఆరు కట్టలు, ఏటికి నాలుగు చొప్పున, వరస తప్పకుండా పేర్చి ఉన్నాయి. ప్రతి ముడి మీదా ఆ ముద్ర. నోలీన్‌కి అంతా చెప్పాను, ఆ రెండో వాక్యంతో సహా. ఆమె చాలాసేపు తన చేతులు చూసుకుంది.

"కొవ్వొత్తి నేనే వెలిగించిచ్చాను మెర్వ్" అంది. "నువ్వు వెళ్ళేముందు ఒక్క ముక్క చెప్పి ఉంటే తలుపు తీసేదాన్నా?" ఆ రోజు నించి షెడ్డుకి టీ రాలేదు. నేనూ షెడ్డుకి వెళ్ళలేదు. పత్రిక ఆగిపోయింది.

మరుసటి ఏడు ఏప్రిల్‌లో ఒక బరువైన పార్సిల్ వచ్చింది. పంపినవారి పేరు లేదు. పోస్టు ముద్ర చదవడానికి వీల్లేకుండా అలికిపోయింది. దాన్ని బల్ల మీద పెట్టి, ఇద్దరం గోడకి ఆనుకుని చాలాసేపు చూశాం. చివరికి నోలీనే వెళ్ళి ముడి తడిమింది. "మైనం లేదు" అంది. అప్పుడు విప్పాను.

టైపు చేసిన నవల. తప్పుల్లేని పేజీలు. రెక్స్ కోబర్న్, పన్నెండో నంబరు. ఆవిడ బతికుంది! అక్కడే కుర్చీ లాక్కుని చదవడం మొదలుపెట్టాను.

మొదటి అధ్యాయంలో నాయిక ఇల్లు వదిలి పారిపోతూ, ఎప్పుడూ వెళ్ళని ఒక దీవి ఆటుపోట్ల పట్టిక కొని వంటగది గోడకి గుచ్చుతుంది. తేదీ చుట్టూ సున్నా చుడుతుంది. ఎవరి కోసమో కూడా అక్కడే రాసి ఉంది: "నన్ను కనిపెట్టినవాడు దీన్నీ కనిపెడతాడు. గర్వపడతాడు. ఎవరైనా గట్టిగా అడిగితే చెప్పేస్తాడు."

ఆ నవలలో పురికొస లేదు, కొవ్వొత్తి లేదు, గాటుపడ్డ బొటనవేలు లేదు. ఈసారి విలన్ కళ్ళద్దాలు పెట్టుకున్న ఒక మెతక మనిషి. చిన్న పత్రిక నడుపుతాడు. వేళ్ళకి ఎప్పుడూ సిరా మరకలే. ఎవర్నీ ఒక్క దెబ్బ కొట్టడు. ఎంతో అభిమానంగా ఉత్తరం రాసి అడుగుతాడు. చెప్పొద్దంటే అచ్చువేస్తాడు.

నేను చదివిన పేజీ చదివినట్టు నోలీన్ అందుకుని చదివింది. సాయంత్రానికి ఇద్దరం పూర్తిచేశాం. ఆఖరి పేజీ వెనక చిన్న చీటీ అంటించి ఉంది. మిస్ విదర్స్ దస్తూరీయే.

"ప్రతి పుస్తకంలోనూ ఒకే విలన్ అన్నారు. మీ మాట నిజమే. ఈసారి మార్చాను."

నోలీన్ చీటీ రెండుసార్లు చదివి నా చేతిలో పెట్టింది. "అచ్చం నువ్వే" అని, లేచి వెళ్ళి వీధి తలుపు గడియ వేసి ఉందో లేదో చూసుకుంది.